పనిచేసే గన్నుల లెక్క

పెట్రోలు బంకుకు వెళ్ళేవారెవరూ అక్కడి గన్ను పనిచేస్తుందో లేదో అన్న అనుమానంతో ఇంటి నుంచి బయలుదేరరు. బంకు తెరిచి ఉంటే పెట్రోలు దొరుకుతుందనీ, అక్కడ దొరక్కపోతే కొంత దూరంలో ఇంకో బంకు ఉంటుందనీ వాహనదారులకు తరాలుగా ఒక ధీమా స్థిరపడిపోయింది. విద్యుత్ కారు యజమానికి ఇంకా దక్కనిది ఆ ధీమాయే. ఒక్క ఛార్జితో వెళ్ళగల దూరం ఏటేటా పెరుగుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్నునూ రిజిస్ట్రేషన్ రుసుమునూ పూర్తిగా మినహాయించింది. అయినా ఊరు దాటి వెళ్ళవలసి వచ్చినప్పుడు, దారిలో ఛార్జింగ్ దొరుకుతుందా, దొరికినా అది పనిచేస్తుందా, పనిచేసినా ఎంతసేపు వేచి ఉండాలి అన్న ప్రశ్నలకు నమ్మదగిన జవాబు లేక, చాలామంది ఇంట్లో విద్యుత్ కారు ఉంచుకుని కూడా దూరప్రయాణానికి పెట్రోలు కారునే తీస్తున్నారు.

ఈ సమస్యను పరిశీలించడానికి హైదరాబాదుకు పడమటనున్న శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ళ ప్రాంతం తగినచోటు. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారికి, అంటే జనం ఓఆర్ఆర్ అని పిలిచే దారికి, వెలుపలి అంచున ఉన్న ఈ నేల పూర్తిగా నగరమూ కాదు, పూర్తిగా పల్లే కాదు. కోకాపేట దాటి శంకర్‌పల్లి దారిలో మోకిల చుట్టుపక్కల విల్లాలు లేచాయి; అదే దారికి కొంత లోపల టమాటా, క్యారెట్, బంతి, చామంతి పండించే రైతుల మోటార్లు నడుస్తున్నాయి. మొయినాబాద్ మీదుగా చేవెళ్ళకూ, మన్నెగూడకూ, పరిగికీ సాగే 163వ నంబరు జాతీయ రహదారిపై చిలుకూరు బాలాజీ భక్తులూ, సెలవు రోజుల్లో వికారాబాదు అనంతగిరి కొండలకు వెళ్ళే కుటుంబాలూ, నగరానికి రోజూ పనికి వెళ్ళివచ్చేవారూ, ట్యాక్సీ డ్రైవర్లూ కలిసి ప్రయాణిస్తారు. విద్యుత్ బస్సుల తయారీలో పేరున్న ఒలెక్ట్రా సంస్థ కర్మాగారం కూడా ఇక్కడికి దగ్గరలోనే, రంగారెడ్డి జిల్లా సీతారాంపూర్‌లో ఉంది. విద్యుత్ వాహనం తయారయ్యేదీ, కొనేదీ, నడిచేదీ ఈ చుట్టుపక్కలే అయినప్పుడు, దానికి మేత దొరకడం ఎందుకు కష్టమవుతోందో తెలుసుకోవలసిన అవసరం ఉంది.

ముందుగా ఛార్జింగ్ అన్న మాటకు అర్థం స్పష్టం కావాలి. తీగల ద్వారా ఇంటికి వచ్చేది ఏకాంతర విద్యుత్తు, అంటే ఏసీ; బ్యాటరీ తనలో దాచుకోగలిగేది ఏకముఖ విద్యుత్తు, అంటే డీసీ. మొదటిదాన్ని రెండోదిగా మార్చే పరికరం ప్రతి విద్యుత్ కారులోనూ చిన్న పరిమాణంలో ఉంటుంది కాబట్టి, ఇంట్లో పదిహేను ఆంపియర్ల ప్లగ్గుకు తగిలిస్తే గంటకు మూడు యూనిట్ల పైచిలుకు, గోడకు బిగించే పెట్టె పెట్టుకుంటే ఏడు యూనిట్ల దాకా బ్యాటరీలోకి చేరుతుంది. నలభై యూనిట్ల బ్యాటరీ ఉన్న కారుకు ఇది రాత్రంతా పట్టే పని, నిద్రపోయేవారికి దానివల్ల ఇబ్బందీ లేదు. ఫాస్ట్ ఛార్జింగ్ కేంద్రంలో ఆ మార్పిడి పరికరం కారు బయట, పెద్ద బీరువా అంత యంత్రంలో ఉంటుంది. అది విద్యుత్తును డీసీగా మార్చి, లావుపాటి కేబులూ గన్నూ ద్వారా నేరుగా బ్యాటరీకి అందిస్తుంది. అరవై కిలోవాట్ల యంత్రమంటే గంటకు అరవై యూనిట్లు ఇవ్వగలదని అర్థం. ఆ లెక్కన నలభై యూనిట్ల బ్యాటరీని పదో వంతు నుంచి ఎనభై శాతానికి నింపడానికి కావలసిన ఇరవై ఎనిమిది యూనిట్లు అరగంటలోపే చేరాలి.

చాలాసార్లు అలా చేరవు. రెండు గన్నులున్న అరవై కిలోవాట్ల యంత్రానికి రెండు కార్లు తగిలిస్తే, అనేక యంత్రాలు చెరో ముప్ఫై కిలోవాట్లుగా పంచుతాయి, అప్పుడు అరగంట కాస్తా గంట అవుతుంది. కారు కూడా తన తాహతుకు మించి తీసుకోదు; ట్యాక్సీల కోసం తయారైన కొన్ని మోడళ్ళు పదిహేను కిలోవాట్లకు మించి స్వీకరించవు కాబట్టి, ఎంత పెద్ద యంత్రానికి తగిలించినా అవి గంటన్నర, రెండు గంటలు ఆ గన్నును పట్టుకునే ఉంటాయి. ఇందులో డ్రైవరు తప్పేమీ లేదు, అతని బతుకుతెరువు ఆ కారే. ఎనభై శాతం దాటాక బ్యాటరీ కణాల మీద ఒత్తిడి పెరగకుండా కారులోని నియంత్రణ వ్యవస్థ ప్రవాహాన్ని తగ్గిస్తుంది; మిగిలిన ఇరవై శాతానికి, మొదటి డెబ్బై శాతానికి పట్టినంత సమయమూ పట్టవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు కాగిన రోడ్డు మీద వేగంగా వచ్చిన కారు బ్యాటరీ అప్పటికే వేడెక్కి ఉంటుంది, నీడలేని చోట నిలబెట్టిన యంత్రమూ వేడెక్కి ఉంటుంది. రెండూ తమను తాము కాపాడుకోవడానికి ప్రవాహాన్ని తగ్గిస్తాయి. యంత్రం మీద అరవై అని రాసి ఉండగా తెర మీద ఇరవై రెండు కనిపిస్తే, యజమానికి మోసపోయినట్టు అనిపించడం సహజం. అక్కడ జరుగుతున్నది భౌతికశాస్త్రమే అయినా, దాన్ని అతనికి వివరించేవారు ఆ ఆవరణలో ఎవరూ ఉండరు.

అందుకే వేగం తక్కువ కావడం కంటే కేంద్రంలో మనిషి లేకపోవడమే అసలు బాధ. పెట్రోలు బంకులో గన్ను పట్టుకునే కుర్రాడుంటాడు, మేనేజరుంటాడు, ఒక గన్ను చెడితే రెండోదాని దగ్గరికి రమ్మని చెయ్యి ఊపుతారు. బంకు ఆవరణలోనే ఒక మూల నిలబెట్టిన ఛార్జింగ్ యంత్రం గురించి అడిగితే మాత్రం, అది వేరే కంపెనీదని అక్కడివారు చెబుతారు, అది నిజం కూడా. యంత్రం ఒకరిది, స్థలం ఒకరిది, విద్యుత్ కనెక్షన్ ఒకరి పేరు మీద, యాప్ మరొకరిది. ఏ ఒక్కటి తప్పినా ఫోను చేయవలసింది ఎక్కడో దూర నగరంలోని సహాయ కేంద్రానికి. యంత్రం పాడవడానికి కారణాలు తరచుగా చాలా చిన్నవి. ప్రమాద సమయంలో నొక్కవలసిన ఎర్ర మీటను ఎవరో నొక్కి వదిలేసి ఉంటారు, దాన్ని తిప్పి పైకి తీస్తే యంత్రం మళ్ళీ బతుకుతుంది. యంత్రంలోని సిమ్ కార్డుకు సిగ్నలు అందక సర్వరుతో మాట కలవదు. భూమితీగ, అంటే ఎర్తింగు, సరిగా లేకపోతే యంత్రమే ప్రమాదాన్ని పసిగట్టి మొండికేస్తుంది. ఛార్జింగ్ మొదలయ్యే ముందు కారూ యంత్రమూ కేబులు ద్వారా పరస్పరం సంకేతాలు పంపుకుని, వోల్టేజీ ఎంత, ప్రవాహం ఎంత అని ఒప్పందానికి రావాలి. కొత్త మోడలు కారుకూ పాత సాఫ్ట్‌వేర్ యంత్రానికీ ఆ మాట కుదరక, రెండు నిమిషాల్లో తెగిపోవడం కూడా మామూలే. వీటిలో సగం దగ్గరలో ఒక ఎలక్ట్రీషియన్ ఉంటే పది నిమిషాల్లో తీరేవి. మనిషి లేనందువల్ల రోజుల తరబడి సాగేవి.

యాప్‌ల సంగతి వేరే చెప్పాలి. ఒక్కో సంస్థకు ఒక్కో యాప్, దానిలో ఒక్కో వాలెట్, అంటే ముందుగా డబ్బు వేసి ఉంచవలసిన ఖాతా. శంకర్‌పల్లి నుంచి వికారాబాదు వెళ్ళివచ్చే దారిలో రెండు మూడు సంస్థల కేంద్రాలు తగిలితే, రెండు మూడు చోట్ల డబ్బు నిలవ ఉంచాలి. ఓటీపీ రావడానికి సిగ్నలు కావాలి. ఛార్జింగ్ మధ్యలో తెగితే మిగిలిన సొమ్ము తిరిగి వాలెట్‌లోకి చేరడానికి ఎదురుచూడాలి. యాప్‌లోని పటంలో పచ్చరంగు చుక్క కనిపించిందంటే ఆ యంత్రం సర్వరుతో మాట్లాడుతోందని మాత్రమే అర్థం, అది కారుకు విద్యుత్తు ఇస్తుందన్న హామీ కాదు. ఇవన్నీ ఒకే చోట చేరాలన్న ఆలోచన ప్రభుత్వానికి లేకపోలేదు. 2025 మే నెలలో కేంద్ర భారీ పరిశ్రమల శాఖ, దేశంలోని ఛార్జింగ్ కేంద్రాలన్నింటినీ వెతకడానికీ, ముందుగా స్లాటు తీసుకోవడానికీ, డబ్బు చెల్లించడానికీ వీలుండే ఏకీకృత యాప్ గురించి చెబుతూ, ఆ బాధ్యతను బీహెచ్‌ఈఎల్‌కు అప్పగించే ప్రతిపాదనను ప్రస్తావించింది. శంకర్‌పల్లికి ఎంతో దూరంలో లేని రామచంద్రాపురంలోనే ఆ సంస్థ పెద్ద కర్మాగారం ఉంది. ఆ యాప్‌లో చూపే సమాచారం యంత్రం చెప్పుకునే మాట కాకుండా, చివరిసారి ఏ సమయంలో ఎన్ని యూనిట్లు నిజంగా ఇచ్చిందో చెప్పే లెక్క అయితేనే దానివల్ల ప్రయోజనం.

సమస్య మూలం ఇక్కడే ఉంది. ప్రభుత్వాలు ఇంతవరకూ లెక్కపెట్టింది నిలబెట్టిన యంత్రాలను. విద్యుత్ వాహనాలను ప్రోత్సహించే కేంద్ర పథకం ఫేమ్‌లో 2019 ఏప్రిల్‌లో మొదలైన రెండో దశ కింద, 2023 మార్చిలో మూడు ప్రభుత్వరంగ చమురు సంస్థలకు 7,432 ఫాస్ట్ ఛార్జింగ్ కేంద్రాల కోసం 800 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. 2024 అక్టోబరు 1న ఆరంభమైన పీఎం ఈ-డ్రైవ్ పథకం 10,900 కోట్లలో 2,000 కోట్లను ఛార్జింగ్ సదుపాయాలకే కేటాయించింది. 2024 ముగిసేసరికి దేశంలో పబ్లిక్ ఛార్జింగ్ కేంద్రాలు 25 వేలు దాటాయి. ఇవి చిన్న సంఖ్యలు కావు, ఈ కృషిని తక్కువ చేయడం న్యాయం కాదు. కానీ వర్షాకాలంలో రాత్రి ఎనిమిది గంటలకు, బ్యాటరీ తొమ్మిది శాతానికి దిగిన కారుతో, పక్కన చిన్న పిల్లలతో చేవెళ్ళ దాటుతున్న కుటుంబానికి కావలసింది దేశం మొత్తం మీద కేంద్రాలెన్ని అన్న లెక్క కాదు, ఎదురుగా ఉన్న ఆ ఒక్క గన్ను ఆ ఒక్క గంటలో పనిచేస్తుందా అన్న జవాబు.

ఈ తేడా ఎంత పెద్దదో అమెరికాలో ఒక పరిశీలన బయటపెట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులు 2022లో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాత ప్రాంతంలో 181 ఫాస్ట్ ఛార్జింగ్ కేంద్రాల్లోని 657 గన్నుల దగ్గరికి స్వయంగా వెళ్ళి పరీక్షించగా, పనిచేస్తున్నవి 72.5 శాతమేనని తేలింది. అప్పటికి నిర్వహణ సంస్థలు చెప్పుకుంటున్న లెక్క 95 నుంచి 98 శాతం. దరిమిలా 2023లో అమెరికా ప్రభుత్వం తన నిధులతో నిర్మించే కేంద్రాల్లో ప్రతి గన్నూ ఏడాదిలో 97 శాతం కాలం పనిచేయాలని నిబంధన పెట్టింది. బ్రిటన్ ఇంకా కఠినంగా వ్యవహరించి, 50 కిలోవాట్లు, అంతకు మించిన యంత్రాల సముదాయాలు ఏడాది సగటున 99 శాతం కాలం పనిచేయాలనీ, మామూలు బ్యాంకు కార్డుతో డబ్బు తీసుకోవాలనీ చట్టం చేసి, 2024 నవంబరు నుంచి అమలులోకి తెచ్చింది. ఈ దేశాల్లో ఫిర్యాదులు ఆగిపోయాయని కాదు. ఏది వైఫల్యమో నిర్వచనం ఏర్పడింది, దానికి జవాబు చెప్పవలసినవారు ఎవరో తేలింది.

శంకర్‌పల్లి వంటి చోట్ల మరో చిక్కు విద్యుత్ పంపిణీ నుంచి వస్తుంది. పల్లెల్లో స్తంభాల మీద కనిపించే ట్రాన్స్‌ఫార్మర్లు పదకొండు వేల వోల్టుల లైను నుంచి వచ్చే విద్యుత్తును ఇళ్ళకూ మోటార్లకూ సరిపడే నాలుగు వందల పైచిలుకు వోల్టులకు దించుతాయి. వాటిలో సాధారణమైన పరిమాణాలు 25, 63, 100 కేవీఏ. అరవై కిలోవాట్ల ఒక ఛార్జింగ్ యంత్రం పూర్తి శక్తితో నడిస్తే, 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను దాదాపు మొత్తం అదే మింగేస్తుంది. రైతు భాషలో చెప్పాలంటే, అయిదు హార్స్‌పవర్ మోటార్లు పదహారు ఒకేసారి నడిచినంత భారం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల విద్యుత్తు అందుతున్న నేపథ్యంలో, అదే లైను మీద ఛార్జింగ్ కేంద్రం పెట్టి మోటార్లకు వోల్టేజీ పడిపోయేలా చేయడం ఎవరికీ మంచిది కాదు. కేంద్రానికి సొంత ట్రాన్స్‌ఫార్మరూ, వీలైతే సొంత లైనూ కావాలి; ఆ ఖర్చు యంత్రం ఖర్చుతో పోటీపడుతుంది. రోజుకు నాలుగైదు కార్లు మాత్రమే వచ్చే చోట అంత పెట్టుబడి తిరిగిరాదు కాబట్టి, ప్రైవేటు సంస్థలు ఎక్కువ కార్లుండే ఐటీ కారిడార్ వైపే మొగ్గుతాయి. కేంద్రం లేదని కార్లు ఆగవు, కార్లు ఆగవని కేంద్రం రాదు. ఈ ముడిని విప్పవలసింది ప్రజాధనమే, ఎందుకంటే పల్లెకు విద్యుత్తు వచ్చింది కూడా లాభం చూసుకుని కాదు.

ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేక పరిస్థితి కూడా ఉంది. 1908 మూసీ వరద తరవాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు జీవో, వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలనూ, పెద్ద హోటళ్ళనూ, నివాస కాలనీలనూ నిషేధించింది; వాటిలో మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ళ మండలాల గ్రామాలున్నాయి. 2022లో 69వ నంబరు జీవోతో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. సడలింపు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కానీ తాగునీటి చెరువుల ఎగువన వాహనాలకు ఇంధనం అందించే పద్ధతుల్లో, భూగర్భ ట్యాంకుల్లో వేల లీటర్ల పెట్రోలు, డీజిలు నిలవ ఉంచే బంకు కంటే, తీగతో విద్యుత్తు తెచ్చుకునే ఛార్జింగ్ కేంద్రం నేలకూ నీటికీ ఎంతో క్షేమం. ఈ గ్రామాల్లో విద్యుత్ వాహనాలకు అగ్రతాంబూలం ఇవ్వడానికి ఇంతకంటే బలమైన కారణం వెతకనక్కరలేదు.

ధర విషయంలో యజమానుల బాధ న్యాయమైనదే. తెలంగాణలో గృహ వినియోగానికి అత్యధిక శ్లాబులో కూడా యూనిట్ ధర పది రూపాయల దగ్గరే ఉంటుంది. పబ్లిక్ ఫాస్ట్ ఛార్జింగ్‌లో అది తరచుగా ఇరవై రూపాయల అటూ ఇటూ. యంత్రం, స్థలం, నిర్వహణ ఖర్చులు ఉన్నాయి కాబట్టి కొంత తేడా తప్పదు. దానికి తోడు, విద్యుత్ కారు మీద జీఎస్టీ 5 శాతం, ఛార్జింగ్ యంత్రం మీద 5 శాతం ఉండగా, ఛార్జింగ్ కేంద్రంలో వసూలు చేసే సొమ్ము మీద 18 శాతం. ఇంట్లో ఛార్జి చేసుకునేవారికి ఆ పన్ను లేదు. సొంత ఇల్లూ, సొంత గోడా, సొంత మీటరూ ఉన్న విల్లా యజమాని తక్కువ ఖర్చుతో నడుపుతాడు. అద్దె ఇంట్లోనో, పార్కింగ్‌లో ప్లగ్గుకు సంఘం ఒప్పుకోని అపార్ట్‌మెంటులోనో ఉండే ఉద్యోగి, కారే జీవనాధారమైన ట్యాక్సీ డ్రైవరు రెట్టింపు చెల్లిస్తారు. కొత్త భవనాల్లో వాహన స్థలంలో ఇరవై శాతానికి ఛార్జింగ్ సామర్థ్యం ఉండాలని 2019 ఫిబ్రవరిలోనే కేంద్ర ప్రభుత్వం నమూనా భవన నిబంధనలను సవరించింది. శంకర్‌పల్లి పురపాలక సంఘం పరిధిలో లేచే ప్రతి కొత్త భవనానికీ అనుమతి ఇచ్చేటప్పుడు దీన్ని అక్షరాలా అమలుచేస్తే, ఫాస్ట్ ఛార్జింగ్ గన్నుల దగ్గర వరుస కొంతైనా తగ్గుతుంది.

ఈ ప్రాంతానికి ఇప్పుడొక అవకాశం ఎదురుగా ఉంది. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల 163వ జాతీయ రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించే పని చేపట్టారు. ఆ దారి పొడవునా నిలిచిన వందల మర్రిచెట్ల కోసం పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. జాతీయ రహదారులపై ప్రతి 25 కిలోమీటర్లకూ ఇరువైపులా ఒక ఛార్జింగ్ కేంద్రం ఉండాలని 2022 జనవరి నాటి కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెప్పాయి, 2024 సెప్టెంబరు నాటి మార్గదర్శకాలు ఆ దూరాన్ని 20 కిలోమీటర్లకు తగ్గించాయి. ఆ లెక్కన ఈ 46 కిలోమీటర్లలో ఒక్కోవైపు కనీసం రెండు కేంద్రాలు రావాలి. రోడ్డు వేసేటప్పుడే ప్రతి కేంద్రానికీ స్థలం, నీడ, మరుగుదొడ్డి, సొంత ట్రాన్స్‌ఫార్మరు, కనీసం నాలుగు గన్నులు, పగలూ రాత్రీ అక్కడ ఉండే ఒక మనిషి అన్నవి ఒప్పందంలో రాసుకోవాలి. నాలుగు గన్నులు ఎందుకంటే, ఒకటి చెడినా, రెండు నిండి ఉన్నా, వచ్చినవారు వెనుదిరగరు; ఒకే గన్ను ఉన్న కేంద్రం, అది ఎంత కొత్తదైనా, నమ్మి బయలుదేరదగినది కాదు. రాష్ట్రంలో ఈ పనికి నోడల్ సంస్థ అయిన టీజీరెడ్కో, పంపిణీ సంస్థ అయిన టీజీఎస్పీడీసీఎల్, జాతీయ రహదారుల సంస్థ కలిసి కూర్చుంటే తేలగల విషయమిది. సబ్సిడీని యంత్రం బిగించిన రోజున కాక, అది ఏడాదిలో ఎన్ని గంటలు పనిచేసిందో చూసి విడతలుగా ఇవ్వాలన్నది ఈ ప్రసంగం చేసే ముఖ్యమైన విన్నపం.

శ్రోతల్లోని విద్యుత్ కారు యజమానులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2018 ఏప్రిల్ 13న కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన వివరణ ప్రకారం, విద్యుత్ వాహనానికి ఛార్జింగ్ చేయడం విద్యుత్తు అమ్మకం కాదు, అది ఒక సేవ. అందుకే ఛార్జింగ్ కేంద్రం పెట్టడానికి పంపిణీ లైసెన్సు అక్కరలేకపోయింది, సొమ్ము మీద సేవల పన్ను రేటూ వర్తిస్తోంది. అది సేవ అయినప్పుడు, సేవలో లోపానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. గన్ను పనిచేయకపోయినా, ఛార్జింగ్ మధ్యలో తెగి డబ్బు తిరిగి రాకపోయినా, యంత్రం తెరను ఫోటో తీసి, తేదీ, సమయం, చెల్లించిన సొమ్ము, చేరిన యూనిట్లు రాసి ఉంచుకుని, ముందు సంస్థకూ, జవాబు రాకపోతే 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికీ ఫిర్యాదు చేయవచ్చు.